రీమ్యాప్ చేయిస్తే వారంటీ ఉంటుందా, పోతుందా?

భీమవరంలో కార్ల యజమానులు, డ్రైవర్లు, మెకానిక్‌లు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారమండి. వెనకాల నుంచున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఇవాళ మాట్లాడుకునేది ఒకటే సంగతి. కారు ఇంజన్ ట్యూనింగ్, అంటే పవర్ పెంచే పని చేయిస్తే, దాన్ని రీమ్యాప్ అనండి, చిప్పు అనండి, బాక్సు అనండి, కంపెనీ వారంటీ ఉంటుందా పోతుందా? దీనికి ఊళ్ళో రెండు జవాబులు తిరుగుతున్నాయండి. షోరూమ్‌లో అడిగితే "మొత్తం పోతుంది సార్" అంటారు. ట్యూనింగ్ చేసేవాళ్ళని అడిగితే "ఏం కాదు సార్, వాళ్ళకి తెలియనే తెలియదు" అంటారు. ఆయన భయపెడతాడు, ఈయన ధైర్యం చెబుతాడు. మధ్యలో డబ్బులు కట్టేది ఎవరండీ? మనమే కదా.

కాబట్టి ప్రశ్న మార్చుకుందాం. ఏ పార్టు పోయింది? ఆ పార్టు మీద ట్యూనింగ్ వల్ల అదనపు భారం పడిందా? పడిందని గానీ, పడలేదని గానీ కాగితం మీద ఎవరు చూపించగలరు? ఈ మూడూ అడిగితే జవాబు దానంతట అదే వస్తుంది. పవర్ విండో మోటారు పోయిందనుకోండి, రీమ్యాప్‌కీ దానికీ ఏం సంబంధం? ఏమీ లేదు. అదే టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పార్టు, పోయిందనుకోండి? అప్పుడు మాత్రం మెడ మీద కత్తి ఉన్నట్టే.

ముందు వారంటీ అంటే ఏంటో చూద్దాం. కొత్త కారుకి కంపెనీ ఇచ్చేది సాధారణంగా మూడేళ్ళు, లక్ష కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. బండిని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది. కంపెనీ చెబుతున్నది ఏంటి? "మెటీరియల్‌లో గానీ, తయారీలో గానీ లోపం ఉంటే ఊరికే బాగుచేస్తాం" అని. అంతే. అరిగిపోయేవాటికి, అంటే బ్రేకు ప్యాడ్లు, వైపర్లు, క్లచ్ ప్లేటు లాంటివాటికి మొదట్నుంచీ పూచీ లేదు, ఉన్నా చాలా తక్కువ కాలం. ఈ క్లచ్ ప్లేటు మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మీ బండి డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవర్లో ఒక పుస్తకం ఉంటుంది. ఎంతమంది తెరిచారు? చేతులెత్తండి. ... ముగ్గురు. సరే, ముగ్గురైనా ఉన్నారు. దాని చివర్లో వారంటీ వర్తించని సందర్భాలు అని ఒక పేజీ ఉంటుంది. అందులో మార్పులు, మాడిఫికేషన్లు అన్న వాక్యం వెతకండి. ఆ వాక్యం రెండు రకాలుగా రాసి ఉంటుంది. ఒక రకం: "మార్పుల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు." రెండో రకం: "మార్పులు చేసిన వాహనానికి వారంటీ వర్తించదు." తేడా వినపడిందా అండీ? మొదటిదాంట్లో "వల్ల" అన్న మాట ఉంది. ఆ ఒక్క మాట మీదే మీ కేసంతా నిలబడుతుంది. "వల్ల" అని ఉంటే కారణం తేలాలి. రెండో రకంలో కారణంతో పనిలేకుండా తలుపు మూసేస్తామని కంపెనీ రాసుకుంది. ఆ తలుపు కన్స్యూమర్ కమిషన్ ముందు ఎంత గట్టిగా నిలుస్తుందన్నది వేరే విషయం. ముందు మీ పుస్తకంలో ఏ రకం ఉందో మీకు తెలియాలి. రెండూ పక్కపక్కనే ఉన్న పుస్తకాలు కూడా ఉంటాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నవాళ్ళకి అది వేరే ఒప్పందం, దాని షరతులు వేరే కాగితంలో ఉంటాయి, సాధారణంగా ఇంకా గట్టిగా ఉంటాయి. అదీ చదవాలి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. యూట్యూబ్‌లో చూసి చాలామంది అంటారు, "మార్పు వల్లే పోయిందని కంపెనీయే నిరూపించాలటండీ, మాగ్నసన్ మాస్ చట్టం ఉందట" అని. ఉంది. అమెరికాలో ఉంది. 1975లో వచ్చింది. మన దగ్గర అదే పని చేసే ప్రత్యేక చట్టం లేదు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. దాని కింద పోరాడొచ్చు, ఎలాగో తర్వాత చెబుతాను. సర్వీస్ అడ్వైజర్ ముందు ఆ అమెరికా చట్టం పేరు చెబితే మాత్రం ఆయన తలూపి టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

సరే. ట్యూనింగ్ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం గానీ అందులో మూడు వేర్వేరు వస్తువులున్నాయి. మూడింటి ప్రభావమూ వేరు.

ఒకటి పెడల్ బాక్సు. యాక్సిలరేటర్ పెడల్ దగ్గర ప్లగ్గుకి పెడతారు. మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు ఇంజన్‌కి చెబుతుంది. బండి చురుగ్గా ఉన్నట్టనిపిస్తుంది. నిజానికి ఇంజన్ శక్తి ఒక్క పిసరు కూడా పెరగదు. పూర్తిగా తొక్కితే అప్పుడూ ఇప్పుడూ ఒకటే. దీనితో ఇంజన్ వారంటీకి పెద్ద ప్రమాదం లేదు. ఆ ప్లగ్గు పిన్నులు వంచారా, వైరు కోశారా అన్నదే చూసుకోవాలి.

రెండోది ట్యూనింగ్ బాక్సు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మన డెల్టాలో డీజిల్ బళ్ళకి ఎక్కువగా పెట్టేది ఇదే. డీజిల్ ఇంజన్‌లో ఇంజెక్టర్లకి డీజిల్ పంపే గొట్టం మీద, లోపలి ప్రెషర్ కొలిచే రైల్ ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. మూడు వైర్లు: 5 వోల్టుల సప్లై, ఎర్తు, సిగ్నలు. సిగ్నలు మామూలుగా అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య ఆడుతుంది. ప్రెషర్‌ని బార్‌లలో కొలుస్తారు, సెన్సార్ పరిధి 2,000 బార్ అనుకోండి. లెక్క చెయ్యండి: 1,400 బార్ ఉంటే సిగ్నలు 3.3 వోల్టులు. ఇప్పుడు బాక్సు ఏం చేస్తుంది? మధ్యలో కూర్చుని 0.3 వోల్టు తగ్గించి చెబుతుంది. ఇంజన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, 3.0 కనిపిస్తుంది. "ఇంకా ప్రెషర్ రాలేదే" అనుకుని పంపుని పెంచుతుంది. ఎంతవరకు? బాక్సు దాటి 3.3 కనిపించేవరకు. అంటే అసలు సిగ్నలు 3.6కి వెళ్ళాలి. 3.6 అంటే ఎంత? 1,550 బార్. ఈసీయూ తన పుస్తకంలో 1,400 అని రాసుకుంటుంది, గొట్టంలో 1,550 ఉంటుంది. అదే సమయంలో ఎక్కువ డీజిల్ లోపలికి పోతుంది. పవరొచ్చింది. ఎలా వచ్చిందండీ? అబద్ధం చెప్పి వచ్చింది. ఈసీయూకి తెలియని భారాన్ని అది కాపాడలేదు కదా! లిమిట్ దాటుతున్నామని దానికి తెలిస్తేనే కదా తగ్గించేది.

మూడోది రీమ్యాప్. స్టీరింగ్ కింద, మెకానిక్ స్కానర్ పెట్టే 16 పిన్నుల ఓబీడీ ప్లగ్గు ఉంటుంది. దానిద్వారా గానీ, ఈసీయూ బయటికి తీసి బల్ల మీద పెట్టి గానీ, లోపలి సాఫ్ట్‌వేర్ ఫైలు మారుస్తారు. ఎంత డీజిల్, ఎంత బూస్టు, అంటే టర్బో నొక్కే గాలి ఒత్తిడి, ఎంత టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, ఎక్కడ ఆపాలి, అన్నీ టేబుళ్ళలో ఉంటాయి, ఆ అంకెలు మారుస్తారు. స్టేజ్ 1 అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. స్టేజ్ 2 అంటే దానితోపాటు పొగ బయటికి పోయే డౌన్‌పైపు, గాలి పీల్చే ఇన్‌టేకు లాంటివి కూడా మార్చడం. శ్రద్ధగా చేస్తే రీమ్యాప్ బాక్సు కన్నా మెరుగైన పని, ఎందుకంటే ఈసీయూకి నిజం తెలుస్తుంది, రక్షణలు పనిచేస్తాయి. శ్రద్ధగా చేస్తే అన్నాను, గమనించండి. ఒకే ఫైలుని అన్ని బళ్ళకీ ఎక్కించేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇప్పుడు ఏం పోతాయో చూద్దాం. అందరూ హార్స్ పవర్ గురించి అడుగుతారు. పార్టుల్ని విరగ్గొట్టేది హార్స్ పవర్ కన్నా టార్క్ అండి. అందులోనూ తక్కువ ఆర్పీఎంలో వచ్చే టార్క్. 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న డీజిల్‌కి పాతిక శాతం పెంచితే 312 అవుతుంది. అది 1,600, 1,700 ఆర్పీఎం దగ్గరే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ముందు లొంగేది ఎవరు? క్లచ్. కొత్త క్లచ్చయితే కొంత మార్జిన్ ఉంటుంది, ఓర్చుకుంటుంది. సగం అరిగిన క్లచ్ ఓర్చుకోలేదు. పరీక్ష సులువు: ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 60లో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు లేచి, స్పీడు ముల్లు లేవకపోతే క్లచ్ జారుతోందని అర్థం. వాసన కూడా వస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, క్లచ్ ప్లేటుకి మొదట్నుంచీ వారంటీ లేదు. అంటే ట్యూనింగ్ వల్ల మొదట పోయే వస్తువుకి, ట్యూనింగ్ చేయించకపోయినా మీరే కట్టాలి. తేడా ఏంటంటే లక్ష కిలోమీటర్లు రావాల్సింది ముప్ఫై, నలభై వేలకే పోవచ్చు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, అంటే క్లచ్ పక్కన స్ప్రింగులతో ఉండే బరువైన చక్రం, ఉన్న బండయితే దాని స్ప్రింగులు కూడా పోతాయి, అప్పుడు బిల్లు చూసి కూర్చోవాలి.

గేర్‌బాక్సు సంగతి ఇంకా స్పష్టం. ఫోక్స్‌వాగన్, స్కోడా 1.5 లీటర్ల టర్బో పెట్రోలు బళ్ళలో ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ ఉంటుంది, డీక్యూ200 అంటారు. అది 250 న్యూటన్ మీటర్ల కోసం తయారైన గేర్‌బాక్సు. ఆ ఇంజన్ ఇచ్చేది ఎంతో తెలుసా? సరిగ్గా 250. అంటే కంపెనీ గ్లాసు అంచువరకూ నింపి ఇచ్చింది. ఇంకో చుక్క పోస్తే ఎక్కడికి పోతుందండీ? అలాంటి బండికి రీమ్యాప్ చేయించి, గేర్‌బాక్సు మెకట్రానిక్, అంటే గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్, పోయిందని వారంటీ అడిగితే, కంపెనీ ఇంజనీరు ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికి కూడా ఉండదు.

"అదే ఇంజన్‌ని ఇంకో బండిలో ఎక్కువ పవర్‌తో ఇచ్చారు కదండీ, మన బండిలో కావాలని తగ్గించారు" అని కొందరంటారు. మనందరికీ తెలిసిన ఫియట్ 1.3 మల్టీజెట్టే తీసుకుందాం. స్విఫ్టులో పవర్ 75 పీఎస్, అంటే దాదాపు అన్ని హార్స్ పవరే, టార్క్ 190 న్యూటన్ మీటర్లు. ఎర్టిగాలో, ఎస్ఎక్స్4లో అదే 1.3 లీటర్లు, 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు. సాఫ్ట్‌వేరొక్కటే తేడానా? కాదండి. 75 దాంట్లో ఫిక్స్‌డ్ టర్బో, 90 దాంట్లో వేరియబుల్ టర్బో, అంటే వేగాన్ని బట్టి లోపలి రెక్కల కోణం మార్చుకునేది. ఇంకోటి గమనించండి: పవర్ 15 పెంచిన కంపెనీ టార్క్ మాత్రం పదే పెంచింది. వాళ్ళకి తెలుసు, గేర్‌బాక్సు దెబ్బతినేది ఎక్కడో.

టర్బో గురించి రెండు మాటలు. బూస్టు పెంచితే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. మామూలుగానే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు అది. పొగ గొట్టంలో వేడి పెరుగుతుంది, బేరింగుల్లో ఆయిల్ మాడుతుంది. పెట్రోలు టర్బోల్లో ఇంకో జబ్బు ఉంది: తక్కువ ఆర్పీఎంలో పెద్ద గేరులో పూర్తిగా తొక్కినప్పుడు స్పార్కు రాకముందే మిశ్రమం మండిపోవడం. ఒకట్రెండు సార్లు గట్టిగా జరిగితే చాలు, పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు విరిగిపోతుంది. 98 ఆక్టేన్, అంటే అలా తొందరపడి మండని పెట్రోలు, దొరికే దేశాల కోసం రాసిన ఫైలుని మన బంకు పెట్రోలు మీద నడిపితే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు మన డెల్టాకే ప్రత్యేకమైన సంగతి. బీఎస్6 అనే కాలుష్య నిబంధన వచ్చింది 2020 ఏప్రిల్ 1న. అప్పట్నుంచీ డీజిల్ కార్లకి డీపీఎఫ్, అంటే పొగలో మసి పట్టే ఫిల్టరు, తప్పనిసరిలా అయింది. ఆ మసి కాలిపోవాలంటే బండి ఆగకుండా ఒక పావుగంట, ఇరవై నిమిషాలు 60 పైన నడవాలి. మన బళ్ళు ఎలా నడుస్తాయి? ఇంటి నుంచి చెరువు గట్టుకి, గట్టు నుంచి మేత కొట్టుకి, అక్కణ్ణుంచి మళ్ళీ గట్టుకి. కాలవ గట్టు రోడ్డు మీద సెకండ్ గేరు, థర్డ్ గేరు. మామూలు బండికే మసి కాలడం కష్టం. దానికి తోడు ఎక్కువ డీజిల్ పోసే ట్యూనింగ్ చేయిస్తే? మసి ఎక్కువ, కాల్చే ప్రయత్నాలు ఎక్కువ. కాల్చడానికి ఈసీయూ చివర్లో కొంచెం డీజిల్ అదనంగా చల్లుతుంది. మధ్యలో బండి ఆపేస్తే ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీంచి జారి ఆయిల్‌లోకి దిగుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద డిప్‌స్టిక్కు తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉందా? వేలికి అంటించి వాసన చూడండి, డీజిల్ వాసన వస్తోందా? ఆయిల్ తగ్గితే కంగారు పడతాం గానీ పెరిగితే ఎవరూ పట్టించుకోరు. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి, టర్బో పోతుంది. అప్పుడు గొడవ మొదలవుతుంది: ఇది ట్యూనింగ్ వల్లా, మన గట్టు రోడ్డు వల్లా? ట్యూనింగ్ లేకపోతే మీకు వాదించే చోటు ఉంది. ఉంటే ఆ చోటు మీరే వదిలేసుకున్నారు.

డీపీఎఫ్ తీసేసి, సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆపేయమని అడిగేవాళ్ళున్నారు. అది వారంటీ దాటి చట్టం దగ్గరికి వెళ్ళే పని. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 182ఎ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేలు, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రోడ్డు మీద బానెట్ ఎత్తి రీమ్యాప్ పట్టుకునే పోలీసు లేడనుకోండి. కానీ ఈ సెక్షన్లు కంపెనీ లాయరుకీ, ఇన్సూరెన్స్ సర్వేయరుకీ బాగా తెలుసు. ఇన్సూరెన్స్ వాళ్ళకి మార్పు చెప్పకపోతే క్లెయిములో అది వేరే తలనొప్పి.

దొరుకుతుందా, దొరకదా

అసలు కుతూహలం ఇక్కడే కదా. "వాళ్ళకి తెలుస్తుందా?" అని.

ప్రతి ఈసీయూ ఫైలుకి ఒక పేరుంటుంది, కాలిబ్రేషన్ ఐడీ. దానితోపాటు సీవీఎన్ అని ఒక సరిచూసుకునే కోడు. ఫైలులో అంకెలు మారిస్తే లెక్క ప్రకారం ఆ కోడు మారాలి. పేరు అదే ఉండి కోడు తేడాగా వస్తే ఫైలు మార్చారని అర్థం. కోడుని కూడా సరిచేసి ఎక్కించే నేర్పరులున్నారు, నిజమే. అయితే చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు ఫైలు రాశారో లెక్కపెట్టే కౌంటరు ఉంటుంది. షోరూమ్ రికార్డులో రెండు అప్‌డేట్లుండి, కౌంటరు నాలుగు చూపిస్తే? ఫోక్స్‌వాగన్ గ్రూపులో తేడా తేలిన బండికి సర్వర్లో టీడీ1 అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడ్డాక ఏ ఊరి షోరూమ్‌కి వెళ్ళినా కనిపిస్తుంది.

"సర్వీసుకి వెళ్ళేముందు పాత ఫైలు ఎక్కించేస్తాం అన్నా" అంటారు. మామూలు సర్వీసుకైతే సరే. మరి ఇంజన్ పట్టేసిన రోజు? బండి రావులపాలెం దగ్గర హైవే మీద ఆగిపోయి, టోయింగ్ లారీ మీద నేరుగా షోరూమ్‌కి వెళ్తుంది. ఆ రోజు అందులో ఏ ఫైలు ఉంటుందండీ? ట్యూనింగ్ ఫైలే. వారంటీ అవసరమయ్యే రోజునే అది దొరికిపోతుంది. ఇంకో వైపు నుంచి కూడా జరుగుతుంది: షోరూమ్ వాళ్ళు మామూలుగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీ ట్యూనింగ్ చెరిగిపోతుంది. మీ డబ్బు పోయింది, కౌంటరు మాత్రం మిగిలింది.

బాక్సు విప్పేస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏమీ కనబడదు. అది నిజం. కానీ సెన్సార్ ప్లగ్గు పిన్నుల మీద గీతలు, ట్యాగు కట్టిన గుర్తు, వైరింగ్ మీద కొత్త టేపు, ఇవి చూసే కన్నుకి కనిపిస్తాయి. విరిగిన పార్టే సాక్ష్యం చెబుతుంది. నాలుగు పిస్టన్లూ పైన కరిగి ఉంటే అది తయారీ లోపం అనడం కష్టం. ఒక్క పిస్టనే పోయి, దాని ఇంజెక్టర్ ఒక్కటే కారుతుంటే, అప్పుడు పార్టు లోపమని వాదించవచ్చు.

కొత్త బళ్ళ ఈసీయూలకి తాళాలు గట్టివి. కొన్నిటికి మూత కోసి తెరవాల్సిందే. కంపెనీ సీలు ఒకసారి కోస్తే, ఎంత సిలికాన్ పూసినా మునుపటిలా రాదు. మన గాలి సంగతి తెలుసు కదా. నరసాపురం, అంతర్వేది వైపు గేటు ఊచలే ఎంత తొందరగా తుప్పు పడతాయో! ఆ ఉప్పు తేమ ఈసీయూలోకి దిగితే బోర్డు మీద పచ్చటి చిలుము పడుతుంది. అప్పుడు పోయేది ఇంజన్ కాదు, ఈసీయూయే. మూత కోసి ఉన్న ఈసీయూకి వారంటీ అడగడం, ముద్ర విప్పిన సారా సీసాని వాపసు తీసుకోమన్నట్టే ఉంటుంది.

వారంటీ లేదంటే ఏం చెయ్యాలి

ఇది ట్యూనింగ్ చేయించనివాళ్ళకీ పనికొస్తుంది, ఎందుకంటే స్టీరియో మార్చినందుకు, ఫాగ్ లైట్లు పెట్టినందుకు కూడా "వారంటీ లేదు" అనేస్తుంటారు.

బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద మీ మాటల్లో ఫిర్యాదు రాయించండి. "పికప్ లేదు, పొగ వస్తోంది, ఫలానా లైటు వెలిగింది" అని. కిలోమీటర్ల రీడింగు ఫోటో తీసుకోండి. కాదన్నప్పుడు నోటిమాట ఒప్పుకోవద్దు. "ఏ షరతు కింద కాదంటున్నారో నంబరు వేసి రాసివ్వండి" అని మెయిలు పెట్టండి. స్కానర్ రిపోర్టు ప్రింటు అడగండి: ఎర్రర్ కోడులు, ఆ క్షణంలో రికార్డయిన ఫ్రీజ్ ఫ్రేము, కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్. ఇంజన్ విప్పేటప్పుడు మీరు గానీ, మీ మెకానిక్ గానీ ఎదురుగా ఉండేలా అడగండి. విప్పిన పార్టులు పారేయవద్దని రాతలో చెప్పండి. పార్టు పోతే సాక్ష్యం పోయినట్టే. సర్వీస్ అడ్వైజర్ మీద అరవడం వల్ల ఉపయోగం లేదు. పెద్ద క్లెయిములు ఆయన చేతిలో ఉండవు, ఫోటోలూ రిపోర్టూ కంపెనీకి వెళ్ళి అక్కడ తేలుతాయి. తప్పుగా ఆమోదిస్తే ఆ డబ్బు డీలరు మీద పడుతుందని ఆయన భయం.

అప్పటికీ కాకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా కన్స్యూమర్ కమిషన్. బండికి మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపుంటే జిల్లాలోనే. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు ఉండే చోటే వెయ్యొచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళలో వెయ్యాలి. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ ల్యాబుకి పంపగలదు. అక్కడ "మినహాయింపు ఉందని అంటున్న కంపెనీయే, మార్పు వల్లే పార్టు పోయిందని చూపించాలి" అని వాదించవచ్చు. ఆ వాదన నిలబడాలంటే ఇందాక చెప్పిన కాగితాలుండాలి.

ఇంత విన్నాక కూడా చేయించుకునేవాళ్ళు చేయించుకుంటారు, నాకు తెలుసు. మన దగ్గర ఎక్కడానికి కొండలు లేవు, ఎత్తంటే ఏటిగట్టే. అయినా సంక్రాంతికి హైదరాబాద్ బళ్ళు దిగేసరికి మనసు ఆగదు. చేయించేదేదో వారంటీ అయ్యాక చేయించండి. ముందు స్కాన్ చేసి ఎర్రర్లు లేవని, బూస్టు పైపులు కారడం లేదని, క్లచ్ జారడం లేదని చూసుకోండి. అసలు ఫైలు కాపీ మీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, ఐడీ, సీవీఎన్ ఫోటోతో సహా. ఫైలు ఎక్కించేటప్పుడు బ్యాటరీకి సపోర్టు చార్జరు పెట్టమనండి. మధ్యలో వోల్టేజీ పడితే ఈసీయూ చచ్చిపోతుంది. తక్కువ ఆర్పీఎంలో టార్క్ పెంచొద్దని, 2,000 దాటాకే నెమ్మదిగా ఎక్కేలా చెయ్యమని అడగండి. పది వేలకి మార్చే ఆయిల్ ఐదారు వేలకే మార్చండి. ట్యూనింగ్ వాళ్ళు "మా వారంటీ ఉంది" అంటే, దేని మీద అని అడగండి. చాలావరకు ఆ ఫైలు మీదే ఉంటుంది, మీ ఇంజన్ మీద ఉండదు.

ప్రశ్నలు అడిగేవాళ్ళు అడగండి.

... ఆయన అడుగుతున్నది, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేకు పెడితే పర్వాలేదా అని. ఫిల్టరు ఎక్కడ కూర్చుంటుందో చూడండి బాబూ. చాలా కిట్లలో బంపర్ వెనక, కిందకి పెడతారు, చల్లగాలి కోసం. జులై, ఆగస్టుల్లో కనకాయలంక కాజ్‌వే లాంటి చోట నీళ్ళు బంపర్‌కి తగిలితే ఆ ఫిల్టరు నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళు సిలిండర్‌లోకి పోతాయి, నీరు గాలిలా నొక్కుకోదు, పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంపెనీ పైపు పైన ఎందుకు పెట్టిందో అప్పుడు అర్థమవుతుంది. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టరయితే ఎక్కువ పూయకండి, ఆ ఆయిల్ గాలి కొలిచే సెన్సార్ మీద పేరుకుంటుంది.

... ఆ అమ్మాయి ప్రశ్న మంచిది. సెకండ్ హ్యాండు బండి కొంటున్నాం, వారంటీ ఇంకా ఏడాది ఉంది, ముందు ఓనరు ట్యూనింగ్ చేయించాడో లేదో ఎలా తెలుస్తుంది? డబ్బులిచ్చే ముందు ఓబీడీ ప్లగ్గుకి చిన్న బ్లూటూత్ రీడర్ పెట్టి, ఫోన్లో కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ చదవండమ్మా. అదే మోడలు, అదే ఏడాది బండి ఇంకోటి తెలిసినవాళ్ళ దగ్గర ఉంటే దాంతో పోల్చండి. ఐడీ ఒకటే అయ్యి సీవీఎన్ వేరుగా ఉంటే ఆగండి. రైల్ ప్రెషర్ సెన్సార్ ప్లగ్గు దగ్గర టార్చి వేసి చూడండి. ఆ తర్వాత బండిని షోరూమ్‌కే తీసుకెళ్ళి, డబ్బు కట్టి చెకప్ చేయించి, "వారంటీ అమల్లో ఉంది" అని బండి నంబరుతో మెయిలు తెప్పించుకోండి. అమ్మేవాడు షోరూమ్‌కి రానంటే, ఆ బండి మీకొద్దు.